‘సల్ఫేట్ లేని’ షాంపూకి మారాక కనురెప్పలు, మెడ దురద – ఇంకెవరికైనా ఇలా ఉందా?

ఉప్పుగాలి
మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ. కొన్ని నెలలుగా పైరెప్పల మీద ఎర్రగా పొలుసులు, చెవుల వెనక చెమ్మ, మెడకి రెండు పక్కలా దురద. నిద్రలో తెలియకుండా గీరేసుకుంటున్నాను, పొద్దున్న లేచేసరికి రెప్పలు ఉబ్బిపోయి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. జుట్టు రాలుతోందని పాత షాంపూ మానేసి, ‘సల్ఫేట్ లేదు, పసిపిల్లలకి కూడా వాడొచ్చు’ అని రాసి ఉన్న ఖరీదైన షాంపూకి మారాను. ఫేస్ వాష్ కూడా అదే కంపెనీది. మొదట్లో చాలా బాగుంది, జుట్టు మెత్తగా ఉండేది, అందుకే దాని మీద అనుమానం రాలేదు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాసినన్నాళ్లు తగ్గుతుంది, ఆపగానే రెట్టింపు. మా అత్తగారు వంకాయ, గోంగూర, రొయ్యలు అన్నీ బంద్ చేయించారు, అయినా తేడా లేదు. ఇది నీళ్ల వల్లా, గాలి వల్లా, షాంపూ వల్లా? ఆఫీసులో అందరూ కళ్లకలక అనుకుని దూరం జరుగుతున్నారు, నిజంగా టెన్షన్‌గా ఉంది.

గాజువాక గిరి
నీళ్లే. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లతో తలంటుకున్న ప్రతివాళ్లకీ ఇదే గోల. బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటోందా చూడండి. ముందు నీళ్లు మార్చండి, షాంపూ సంగతి తర్వాత.

పూర్ణామార్కెట్ పిల్ల
మా వైపైతే కిటికీ ఊచలు తుడిస్తే గుడ్డ నల్లగా వస్తుంది. పోర్టు దుమ్ము. కళ్లకి దురద రాకేమవుతుంది.

డాల్ఫిన్ నోస్
దుమ్మైతే మెడ పక్కల మాత్రమే ఎందుకు పడుతుంది? నీళ్లైతే ఒళ్లంతా రావాలి కదా గిరి గారూ.

ఉప్పుగాలి
మాకు వచ్చేది మున్సిపల్ నీళ్లే. ఇంట్లో అందరం అవే పోసుకుంటాం, నాకొక్కదానికే ఈ బాధ.

తెల్లకోటు
మీరు చెప్పిన చోట్లన్నీ కలిపి చూడండి. పైరెప్పలు, చెవుల వెనక, మెడ పక్కలు. తల మీద నుంచి షాంపూ నురగ జారే దారి అదే. మాడు చర్మం మందంగా ఉంటుంది, అక్కడ ఏమీ కనపడకపోవచ్చు. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పలచన, అందుకని గొడవ ముందు అక్కడే బయటపడుతుంది. నేను చర్మవ్యాధుల్లో పీజీ చేసి ప్రాక్టీస్ చేస్తున్నాను. చూడకుండా ఇది ఫలానా జబ్బు అని చెప్పను, కానీ షాంపూ, ఫేస్ వాష్ సీసాల వెనక ఏం రాసుందో ఇక్కడ పెట్టండి. ఆ ట్యూబు మీద ఉన్న మందుల పేర్లు కూడా.

ఉప్పుగాలి
ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేస్తే గానీ చదవలేకపోయాను. లేత ఆకుపచ్చ సీసా మీద తెల్ల అక్షరాలు, అదీ వంపు తిరిగిన చోట.
షాంపూ: నీళ్లు, కోకామిడోప్రొపైల్ బీటైన్, డెసిల్ గ్లూకోసైడ్, సోడియం కోకోయిల్ ఐసిథియోనేట్, గ్లిజరిన్, కలబంద, సువాసన, సోడియం బెంజోయేట్, సిట్రిక్ యాసిడ్.
ఫేస్ వాష్: నీళ్లు, కోకో గ్లూకోసైడ్, కోకామిడోప్రొపైల్ బీటైన్, గ్లిజరిన్, ఇంకా ఏవో ఆకుల రసాలు, సువాసన.
ట్యూబు: క్లోబెటసాల్, నియోమైసిన్, మైకొనజోల్.

తెల్లకోటు
ట్యూబు ఈరోజు నుంచే రెప్పల మీద రాయకండి. క్లోబెటసాల్ అంటే పూతమందు స్టెరాయిడ్లలో అన్నిటికంటే బలమైన కోవది. రెప్ప మీద రోజూ రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదం కూడా ఉంది. పైగా నియోమైసిన్‌కే చాలామందికి అలర్జీ వస్తుంది, అంటే రాసే మందే దురదకి ఇంకో కారణం అయ్యే అవకాశం ఉంది. చాలారోజులు రాసి ఉంటే ఆపగానే మంట, ఎరుపు ఎక్కువ కావచ్చు, అందుకే ఈ వారంలోనే ఎవరైనా స్కిన్ డాక్టరుకి చూపించండి. షాంపూ, ఫేస్ వాష్ రెండూ పక్కన పెట్టండి. పారేయకండి, వాటితో పని ఉంది.

కెమిస్ట్రీ మేష్టారు
ఆ జాబితాలో రెండో పేరు, మూడో పేరు చూడగానే నాకు విషయం అర్థమైంది. డిగ్రీ పిల్లలకి పాఠం చెప్పిన అలవాటు, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

నురగ వచ్చే పదార్థాల్లో సోడియం లారిల్ సల్ఫేట్ పాతది, చర్మాన్ని గట్టిగా ఎండగొడుతుంది. దానితో వచ్చే మంట చర్మం రాపిడికి గురవడం లాంటిది, మోతాదు ఎక్కువైతే ఎవరికైనా వస్తుంది. దానికి నిజమైన అలర్జీ అరుదు. ఈ మంట తగ్గించడానికి కంపెనీలు మెత్తటి పదార్థాలు వెతికాయి. 1950ల్లో కళ్లు మండని పిల్లల షాంపూలు వచ్చాయి, 1970ల నుంచి కోకామిడోప్రొపైల్ బీటైన్ వాడకం పెరిగింది. దాన్ని తయారు చేయడం ఇలా: కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్ని డైమిథైల్ అమినోప్రొపైల్ అమీన్ అనే దానితో కలుపుతారు. అమిడోఅమీన్ వస్తుంది. దాన్ని క్లోరోఎసిటేట్‌తో కలిపితే బీటైన్. ఈ చర్య పూర్తిగా జరగకపోతే మొదటి అమీను, మధ్యలో వచ్చిన అమిడోఅమీను కొద్ది కొద్దిగా మిగిలిపోతాయి. అలర్జీ ఎక్కువగా ఈ మిగుళ్ల వల్లే అని పరిశోధకుల మాట. శుద్ధి బాగా చేసిన సరుకులో ఇవి తక్కువ, చవక సరుకులో ఎక్కువ. సీసా మీద మాత్రం రెండిటికీ ఒకటే పేరు.

అమెరికాలో స్పర్శ అలర్జీల డాక్టర్ల సంఘం ఒకటి ఏటా ఒక పదార్థాన్ని ‘ఈ ఏటి అలర్జీ కారకం’ అని ప్రకటిస్తుంది. 2004లో కోకామిడోప్రొపైల్ బీటైన్. 2017లో ఆల్కైల్ గ్లూకోసైడ్లు, అంటే డెసిల్, కోకో, లారిల్ గ్లూకోసైడ్లన్నీ. ఆ రెండూ మీ సీసాలో ఉన్నాయి. దీన్నిబట్టి అవి విషం అనుకోవద్దు, కోట్లమంది వాడుతున్నారు, ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ ‘మైల్డ్’ అన్న మాట మంట పుట్టించే గుణం గురించే చెబుతుంది, అలర్జీ గురించి ఏమీ చెప్పదు. ఈ తేడా తెలియక జనం బాధపడుతున్నారనే నా బాధ.

కంచరపాలెం కుర్రాడు
కొబ్బరి నుంచి తీస్తారు అంటున్నారు, మరి కొబ్బరి పచ్చడి కూడా మానెయ్యాలా మేష్టారూ? అది మానమంటే మా ఇంట్లో ఇడ్లీ దిగదు.

కెమిస్ట్రీ మేష్టారు
హాయిగా తిను నాయనా. తలకి కొబ్బరినూనె కూడా రాసుకో. అలర్జీ వచ్చేది కొబ్బరికి కాదు, ఫ్యాక్టరీలో దానికి తగిలించిన అమీనుకి.

పెందుర్తి పద్మ
ఉప్పుగాలి గారూ, మీ అత్తగారికి ఈ మాట చూపించండి. నేను కూడా వంకాయ మానేసినదాన్నే. పైగా ఎవరో చెప్తే వేలు పోసి రక్తపరీక్ష చేయించుకున్నాను. పేజీల కొద్దీ పట్టిక వచ్చింది, కోడిగుడ్డు, గోధుమ, బొద్దింక, పుప్పొడి... షాంపూ ఊసే లేదు అందులో.

తెల్లకోటు
ఉండదు కూడా. ఆ రక్తపరీక్ష ఐజీఈ రకం అలర్జీలకి, అంటే తినగానే దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం లాంటివాటికి. షాంపూ అలర్జీ వేరే దారిలో వస్తుంది, టీ కణాలనే తెల్లరక్తకణాలు చేసే పని అది. తగిలిన ఒకటి రెండు రోజులకి పైకి తేలుతుంది. ఆదివారం తలంటుకుంటే మంగళవారం దురద మొదలవుతుంది, ఈలోగా సోమవారం తిన్న రొయ్యల మీద నేరం పడుతుంది. దీనికి చేయాల్సింది ప్యాచ్ టెస్ట్, అంటే అనుమానం ఉన్న పదార్థాల్ని చర్మానికి అంటించి చూసే పరీక్ష.

గాజువాక గిరి
మరి ఆవిడ మొదట్లో బాగుంది అన్నారు కదా? అలర్జీ అయితే మొదటి రోజే రావాలి. నేను నీళ్ల మాట మీదే ఉన్నాను.

తెల్లకోటు
ఇది చాలామంది అనుకునే మాటే గిరి గారూ, కానీ మొదటి రోజు రాకపోవడమే ఈ జాతి అలర్జీ లక్షణం. ఒంటికి ముందు ఆ పదార్థం పరిచయం కావాలి, దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవాలి. అది కొన్ని వారాల్లో జరగొచ్చు, ఏళ్లు వాడాక కూడా జరగొచ్చు. ఒకసారి గుర్తుపెట్టుకుందంటే మాత్రం మామూలుగా మర్చిపోదు. బోరు నీళ్ల ఉప్పుతో చర్మం ఎండిపోయి పగుళ్లు వస్తే బయటి పదార్థాలు లోపలికి దిగడం సులువవుతుంది, ఆ మేరకి మీ మాటలో నిజం ఉంది.

సెలూన్ సత్యవతి
నాది గోపాలపట్నంలో పార్లర్. రెప్పల సంగతి కాదు, నా చేతుల సంగతి చెప్తాను. రోజంతా కస్టమర్ల తలలు కడగడమే పని. వేళ్ల సందుల్లో చిన్న చిన్న నీటిబుడగలు, అవి పగిలి నీరు కారడం, తర్వాత వేలి కణుపుల దగ్గర చర్మం బీటలు వారడం. ఉంగరం వేలి సందుల్లో మొదలై మణికట్టు దాకా పాకింది. నిమ్మకాయ కొయ్యాలంటే ఏడుపొచ్చేది. రంగు వల్ల అనుకున్నాను, ఎందుకంటే పార్లర్ వాళ్లకి హెయిర్ డైలో ఉండే పీపీడీ అనే రసాయనం పడదని అందరూ అంటారు. గ్లోవ్స్ వేసుకునే రంగు వేసేదాన్ని, అయినా తగ్గలేదు. టెస్టులో పీపీడీకి ఏమీ రాలేదు, ఈ బీటైన్‌కే ఎర్రగా పొంగింది. షాంపూ చేసేటప్పుడు గ్లోవ్స్ ఎవరం వేసుకుంటాం చెప్పండి! ఇప్పుడు నైట్రైల్ గ్లోవ్స్ వేసుకునే తల కడుగుతున్నాను. కస్టమర్లు మొదట మొహం అదోలా పెట్టారు, చేతులు చూపించాక ఎవరూ ఏమీ అనలేదు. పార్లర్‌లో పనిచేసే అమ్మాయిలు ఎవరైనా ఇది చదివితే, చేతులు పాడయ్యాయని పని మానెయ్యకండి, ముందు దేనివల్లో తేల్చుకోండి. మనకి చేతులే బతుకు.

లాసన్స్ బే లత
సత్యవతి గారూ, రబ్బరు గ్లోవ్స్ సరిపోవా? నైట్రైల్ ఖరీదు కదా.

సెలూన్ సత్యవతి
రబ్బరులో కలిపే మందులు కూడా కొందరికి పడవట అమ్మా. నాకు ముందు రబ్బరువే ఇచ్చారు, చెమట పట్టి ఇంకా మండింది. నైట్రైల్‌వి లోపల పల్చటి నూలు గ్లోవ్స్ వేసుకుని పైన తొడుక్కుంటే మన ఉక్కపోతకి కొంచెం నయం.

కంచరపాలెం కుర్రాడు
ఇంత రామాయణం ఎందుకండీ, కుంకుడుకాయ ఉండగా. మా నాయనమ్మకి ఎనభై దాటాయి, జడ నడుము దాకా ఉంది. ఈ కెమికల్స్ అన్నీ పారేసి కుంకుడు రసంతో తలంటుకోండి.

లాసన్స్ బే లత
కళ్లలో పడితే తెలుస్తుంది తమ్ముడూ నీ కుంకుడు రసం సంగతి. చిన్నప్పుడు అమ్మ తలంటుతుంటే వీధి చివర దాకా వినపడేవి మా ఏడుపులు.

అరకు కాఫీ
కుంకుడు, శీకాయ మా ఏజెన్సీ నుంచే వస్తాయి, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణాల్లో దొరుకుతాయి. కాయలు కొని గింజ తీసి నానబెట్టుకోండి. ‘హెర్బల్’ అని ప్యాకెట్లో అమ్మే పొడుల్లో సువాసన, ఇంకా ఏమేం కలిపారో చూడకుండా కొనకండి. కుంకుడు షాంపూ అని సీసాలో అమ్మేదాని వెనక తిప్పి చూస్తే మళ్లీ ఆ బీటైనే కనపడింది నాకు.

కెమిస్ట్రీ మేష్టారు
కుంకుడులో నురగ సాపోనిన్ల వల్ల వస్తుంది. బీటైన్‌తో, గ్లూకోసైడ్‌తో దానికి చుట్టరికం లేదు కాబట్టి, అలర్జీ ఈ రెండిటికే అయితే కుంకుడు పడే అవకాశం బాగానే ఉంది. కానీ కుర్రాడు ‘కెమికల్ కాదు’ అన్న మాట ఒప్పుకోను. సాపోనిన్ కూడా రసాయనమే, ఎర్రబడి పొలుసులు లేచిన రెప్ప మీద పడితే బాగా మండిస్తుంది. పుండు మానాక వాడాలి, కళ్లు గట్టిగా మూసుకోవాలి. డెసిల్ గ్లూకోసైడ్ కూడా మొక్కల నుంచే తీస్తారు. ఒకపక్క మొక్కజొన్న నుంచి తీసే గ్లూకోజ్, ఇంకోపక్క కొబ్బరి, పామ్ నూనెల నుంచి తీసే ఆల్కహాలు. అందుకే ‘సహజం’ అని రాసే సీసాల్లో అదే ఎక్కువ కనపడుతుంది.

మర్రిపాలెం మామ్మ
మా మనవరాలికి సున్నిపిండితో నలుగు పెడుతున్నాం, పసుపు వేసి. అది పడకపోవడం ఉంటుందా?

తెల్లకోటు
మామ్మగారూ, ఎక్కువమందికి ఏమీ కాదు, కానీ పసుపు పడనివాళ్లు కూడా ఉన్నారు, కుంకుమ వల్ల నుదుట నల్లబడి దురద వచ్చినవాళ్లని తరచూ చూస్తుంటాం. పాప చర్మం ఎర్రబడకపోతే భయం లేదు. మోచేతి మడతల్లో, బుగ్గల మీద గరుకుగా, పొడిగా ఉంటే మాత్రం నలుగు గట్టిగా రుద్దకండి. బాగా మెదిపిన పిండి కూడా గరుకే పసిచర్మానికి.

రెండో షిఫ్ట్
స్టీల్ ప్లాంట్ దగ్గర క్యాంటీన్ కాంట్రాక్టులో పని నాది. కోవిడ్ నుంచీ గంటకోసారి హ్యాండ్ వాష్ అలవాటయింది, చేతి వెనక చర్మం తోలులా అయిపోయింది. ఇది చదివాక క్యాన్ వెనక చూశాను, అందులో లారెత్ సల్ఫేట్, దాని పక్కనే ఈ కోకామిడోప్రొపైల్ బీటైన్. గిన్నెలు తోమే లిక్విడ్‌లోనూ ఉంది. సల్ఫేట్ ఉన్నదానిలో ఇది ఉండదేమో అనుకున్నాను.

కెమిస్ట్రీ మేష్టారు
మంచి పని చేశారు చూసి. మామూలు షాంపూలు, హ్యాండ్ వాష్‌లలో ఎక్కువ భాగం లారెత్ సల్ఫేట్‌కి తోడుగా బీటైన్ వేస్తారు, సల్ఫేట్ మంట తగ్గడానికి, నురగ నిలబడడానికి, చిక్కదనానికి. కాబట్టి ‘సల్ఫేట్ ఉన్నది కొందాం’ అని కళ్లు మూసుకుని పాత షాంపూకి వెళ్లినా లాభం లేదు. పేరు చదవాల్సిందే. జాబితాలో ఎక్కువ పాళ్లలో ఉన్నవి ముందు రాస్తారు, ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవి ఎలా కావాలంటే అలా రాసుకోవచ్చు. బీటైన్ సాధారణంగా మొదటి నాలుగైదు పేర్లలోనే దొరికిపోతుంది.

డాల్ఫిన్ నోస్
ఉప్పుగాలి గారూ, డాక్టర్ల చుట్టూ తిరిగేముందు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. షాంపూ చుక్క మోచేతి లోపల వేసి బ్యాండేజ్ అంటించి రెండు రోజులు ఉంచండి. ఎర్రబడితే అదే దొంగ.

తెల్లకోటు
దయచేసి ఇది చెయ్యకండి. కడిగేసే సరుకుని నీళ్లు కలపకుండా చర్మానికి అంటించి మూసేస్తే ఏ అలర్జీ లేనివాళ్లకి కూడా కాలినట్టు ఎర్రబడుతుంది. దాన్నిబట్టి ఏమీ తేలదు, మచ్చ మిగులుతుంది. ఒంటిమీద ఉంచేసే క్రీము, లోషన్ లాంటివైతే మోచేతి మడత దగ్గర రోజుకి రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడడం అనే పద్ధతి ఉంది, అది కూడా మూతవేయకుండా, చర్మం మామూలుగా ఉన్నప్పుడు.

అసలు ప్యాచ్ టెస్ట్ ఎలా ఉంటుందంటే, చిన్న గిన్నెల్లాంటి అల్యూమినియం బిళ్లల్లో ఒక్కో పదార్థం కొలిచిన మోతాదులో వేసి, టేపుతో వీపు పైభాగంలో అంటిస్తారు. బీటైన్ అయితే నీళ్లలో ఒక శాతం. రెండు రోజులకి తీసి చూస్తారు, మళ్లీ నాలుగో రోజు ప్రాంతంలో చూస్తారు, అవసరమైతే వారానికి ఇంకోసారి. ఈ బీటైన్‌కి మొదటి చూపులో కొద్దిగా ఎర్రబడి తర్వాత పోయేది చాలాసార్లు ఉత్త మంట, రెండో చూపులో ఇంకా పొంగితేనే నిజమైన అలర్జీ. రెండోసారి వెళ్లకుండా ఎగ్గొట్టేవాళ్లు దీనివల్లే మోసపోతారు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మన దగ్గర మామూలుగా పెట్టే వరుసలో నికెల్, క్రోమియం, పీపీడీ, పార్థీనియం అంటే మన వయ్యారిభామ, నియోమైసిన్ లాంటివి ఉంటాయి. షాంపూ పదార్థాలు అందులో లేకపోవచ్చు. అందుకని కాస్మెటిక్ వరుస ఉందా, అందులో బీటైన్, గ్లూకోసైడ్ ఉన్నాయా అని ముందే ఫోన్ చేసి అడగండి. మీ సీసాలు కూడా పట్టుకెళ్లండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల ఓపీలో కూడా అడిగి చూడండి.

పెందుర్తి పద్మ
నాకు టేపులు పెట్టినప్పుడు మే నెల. చెమటకి ఒక అంచు ఊడిపోయింది, మళ్లీ పెట్టించుకోవాల్సి వచ్చింది. వీలుంటే చలికాలంలో పెట్టించుకోండి. స్నానం మెడ కిందకి కుదరదు, తడిగుడ్డతో తుడుచుకోవడమే. మా ఆయన ఆ పెన్నుతో రాసిన నెంబర్లు చూసి వీపు మీద హౌసీ ఆడుకోవచ్చన్నారు.

లాసన్స్ బే లత
😂 ఫలితం ఏం వచ్చింది మరి?

పెందుర్తి పద్మ
అదే చెప్పబోతున్నాను. నాది పెదాల గొడవ. పెదవుల చుట్టూ నల్లటి వలయం, మూలల్లో పగుళ్లు. లిప్‌స్టిక్ మానేశాను, లిప్ బామ్ మానేశాను. తేలిందేంటంటే టూత్‌పేస్ట్. పళ్లు జివ్వుమంటున్నాయని సెన్సిటివ్ పేస్ట్ వాడేదాన్ని, అందులో నురగకి వేసేది ఇదే బీటైన్. అన్ని సెన్సిటివ్ పేస్టుల్లో ఉండదు, చూసుకుని మార్చుకున్నాను, కొన్ని వారాలకి వలయం పలచబడింది. కాబట్టి షాంపూ ఒక్కటే మార్చి ఊరుకోకండి, బాత్రూమ్ అరలో ఉన్నవన్నీ తిప్పి చదవండి.

రెండో షిఫ్ట్
మా ఆవిడ షాంపూ కూడా చూడాలా? నేను వాడను కానీ ఒకటే తలగడ.

తెల్లకోటు
తలగడ గుడ్డ మార్చుకుంటే చాలు. ఎదుటివాళ్ల హెయిర్ డై, సెంటు వల్ల వచ్చినవి ఉన్నాయి, కడిగేసే షాంపూతో అంత తేలిగ్గా రాదు. కానీ మీరు పాపకో బాబుకో తలంటుతుంటే అది మాత్రం మీ చేతులకి తగిలినట్టే.

పూర్ణామార్కెట్ పిల్ల
‘హైపో అలర్జెనిక్’ అని రాసి ఉన్నవి కొనుక్కుంటే ఈ తలనొప్పి ఉండదు కదా? నేను అవే కొంటాను.

కెమిస్ట్రీ మేష్టారు
ఆ మాటకి కొలబద్ద లేదమ్మా. అమెరికాలో మందులు, సౌందర్య సాధనాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1975లో ఒక రూలు తెచ్చింది, ఆ మాట వాడాలంటే మనుషుల మీద పరీక్షలు చేసి చూపించాలని. సౌందర్య సాధనాల కంపెనీలు కోర్టుకెళ్లాయి, 1977లో అప్పీలు కోర్టు ఆ రూలు చెల్లదంది. అప్పట్నుంచి ఆ దేశంలో దానికి చట్టపరమైన నిర్వచనం లేదు. సీసా ముందు వైపు రాసేది అమ్మకం కోసం, వెనక వైపు రాసేది మన కోసం. ఉప్పుగాలి గారి సీసా ముందు ఏం రాసిందో, వెనక ఏం రాసిందో చూశారు కదా.

గాజువాక గిరి
సరే, బీటైన్, గ్లూకోసైడ్ రెండూ లేకుండా ఏం దొరుకుతుంది? తెలిసినవాళ్లు అది చెప్పండి, ఆవిడకి పనికొస్తుంది. నా ఇంట్లో సీసాలు కూడా తిప్పి చూశాను, నాలుగు తీస్తే నాలుగింట్లో ఏదో ఒకటి ఉంది.

కెమిస్ట్రీ మేష్టారు
ఒంటికి సులువే. మామూలు సబ్బు బిళ్లల్లో, అంటే సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్ అని మొదలయ్యేవాటిలో, సాధారణంగా ఇవి ఉండవు. అయితే సబ్బు క్షారం, పొడిచర్మం వాళ్లని ఇంకా ఎండగొడుతుంది, స్నానం కాగానే తడి ఆరకముందే ఏదైనా మాయిశ్చరైజర్ రాయాలి. సోడియం కోకోయిల్ ఐసిథియోనేట్‌తో చేసే బిళ్లలు అంతకన్నా మెత్తన, కానీ కొన్నిట్లో బీటైన్ కలుపుతారు, చూసుకోండి. తలకే కష్టం. లారెత్ సల్ఫేట్ ఉండి బీటైన్ లేని షాంపూలు వెతికితే దొరుకుతాయి. చవక షాంపూ అని చిన్నచూపు చూడకండి, బీటైన్ పడనివాళ్లకి అదే మేలు. లారమిడోప్రొపైల్ బీటైన్, కోకామిడోప్రొపైల్ హైడ్రాక్సీసుల్టైన్, కండిషనర్లలో స్టియరమిడోప్రొపైల్ డైమిథైల్ అమీన్ – ఇవి కూడా దగ్గరి చుట్టాలే. ‘అమిడోప్రొపైల్’ అన్న ముక్క పేరు మధ్యలో కనపడితే పక్కన పెట్టేయండి.

ఉప్పుగాలి
ఇక్కడ చెప్పిన పేర్లు కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికెళ్లాను. ఆవిడ రెప్పలకి వేరే తేలికపాటి మందు ఇచ్చారు, స్టెరాయిడ్ లేనిది. షాంపూ ఆపాక మెడ బాగా తగ్గింది, రెప్పలు ఇంకా పొడిగా ఉన్నాయి. ప్యాచ్ టెస్ట్ చర్మం నెమ్మదించాక పెడతామన్నారు. అత్తగారు మాత్రం వంకాయ వండారు నిన్న, గుత్తివంకాయ! గిరి గారూ, నీళ్లు ఇంకా అవే.

గాజువాక గిరి
తగ్గితే అంతే చాలమ్మా. నీళ్ల మీద నాకున్న అనుమానం మా బోరుకి పరిమితం చేసుకుంటాను.

సెలూన్ సత్యవతి
టెస్ట్ మాత్రం మానకండి తగ్గిపోయింది కదా అని. బీటైనో గ్లూకోసైడో రెండూనో తెలియకపోతే ఏది కొనాలన్నా భయమే. సువాసన కూడా అయ్యుండొచ్చు, రెండు సీసాల్లోనూ ఉంది.

తెల్లకోటు
సత్యవతి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ సువాసన అన్న ఒక్క మాట వెనక పదుల కొద్దీ పదార్థాలుంటాయి. టెస్టుకి ముందు ప్రెడ్నిసొలోన్ లాంటి మాత్రలు వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, వీపు మీద ఏ స్టెరాయిడ్ క్రీమూ రాయకండి, వీపుకి ఎండ తగలనివ్వకండి. దురదకి వేసుకునే సెట్రిజిన్ లాంటివి ఈ టెస్టుని పెద్దగా చెడగొట్టవు.

ఋషికొండ రన్నర్
మధ్యలో వచ్చాను, ఒక అనుమానం. నేను షాంపూ దాదాపు వాడను, గుండు. కానీ పొద్దున్నే బీచ్ రోడ్డులో పరిగెత్తేముందు సన్‌స్క్రీన్ రాసుకుంటే నుదురు, చెవి తమ్మెలు దురద. ఎండ వల్ల అనుకున్నాను. ఈ గ్లూకోసైడ్లు సన్‌స్క్రీన్‌లో ఉంటాయా?

కెమిస్ట్రీ మేష్టారు
ఉంటాయి, అదీ ఎవరూ ఊహించని చోట. టినోసార్బ్ ఎం అని ఒక ఎండ వడపోత పదార్థం ఉంది, సీసా మీద ‘మిథిలీన్ బిస్-బెంజోట్రయజోలిల్ టెట్రామిథైల్‌బ్యుటైల్‌ఫినాల్’ అని ఒక వరుస పొడుగునా రాస్తారు. ఆ రేణువులు గడ్డకట్టకుండా డెసిల్ గ్లూకోసైడ్ కలిపే దాన్ని తయారు చేస్తారు. టినోసార్బ్ ఎస్ అని ఇంకోటి ఉంది, దానిలో ఈ గొడవ లేదు.

ఋషికొండ రన్నర్
చూశాను. ఆ పొడుగు పేరు ఉంది, చివర్లో డెసిల్ గ్లూకోసైడ్ కూడా ఉంది.

తెల్లకోటు
అయితే ప్రస్తుతానికి అది ఆపి జింక్ ఆక్సైడ్ ఉన్నది, ఈ రెండు పేర్లూ లేనిది చూసుకుని వాడండి, టోపీ పెట్టుకోండి. టెస్టుకి వెళ్తే ఆ ట్యూబు పట్టుకెళ్లి డెసిల్ గ్లూకోసైడ్ విడిగా పెట్టమని అడగండి. సన్‌స్క్రీన్‌లలో మిగతా పదార్థాలకి ఎండ తగిలితేనే వచ్చే అలర్జీ కూడా ఉంటుంది, దానికి ఫొటోప్యాచ్ అని వేరే పరీక్ష, అది అన్నిచోట్లా చెయ్యరు.